కల్పితపాత్ర - కవిస్వామ్యము

రూపకవస్తువు ప్రఖ్యాతము, ఉత్పాద్యము, మిశ్రము అని త్రివిధమని ధనంజయుడు దశరూపకమున విభజించెను. రామదుష్యంతాదులు ప్రఖ్యాతులు, వారిపై ఏ కవికిని స్వామ్యము లేదు. ఉత్పాద్యవస్తువునందలి పాత్ర మాత్రము కవిప్రతిభాజన్యము. దానిని వేరొక రచయిత గ్రహించినచో హరణమగునా?

1957 నాటి భారతీయ కాపీరైటు చట్టము సాహిత్యనాటకాది కృతులను రక్షించును. పాత్రను వేరుగ పేర్కొనలేదు. ఆర్.జి. ఆనంద్ వ్యాజ్యెమున (1978) సుప్రీంకోర్టు భావమునకు, ఇతివృత్తమునకు, పురాణవిషయమునకు కాపీరైటు లేదనియు, అభివ్యక్తిరూపమునకే కలదనియు నిర్ణయించెను. పాత్ర ఈ రెంటి నడుమ నిలుచును. అమెరికాలో 1930లో నికల్స్ వ్యాజ్యెమున న్యాయమూర్తి లెర్నెడ్ హ్యాండ్ దీనికొక మార్గము చూపెను. పాత్రచిత్రణ ఎంత అస్పష్టమో రక్షణయు అంత స్వల్పము. ఆ నష్టమును రచయితయే భరింపవలెను. మన పరిభాషలో చెప్పిన, ధీరోదాత్తత్వము ఎవరి సొత్తును కాదు, విదూషకుని భోజనప్రియత్వమును కాదు. సామాన్యలక్షణముపై కవి కూర్చిన విశేషమే రక్షణార్హము.

ఇచట ధ్వన్యాలోక చతుర్థోద్ద్యోతము స్మరణీయము. కవుల నడుమ సంవాదము ప్రతిబింబము వలె, చిత్రము వలె, తుల్యదేహి వలె ఉండునని ఆనందవర్ధనుడు చెప్పి, మొదటి రెంటిని త్యజింపుమనెను. మూడవది గ్రాహ్యము, రూపము పోలినంతమాత్రమున ఇరువురు మనుష్యులు ఒక్కరు కారు గదా. రాజశేఖరుడు పరపురప్రవేశమను నాల్గవదానిని చేర్చెను.

దీనిని చూపి కాపీరైటును మన ప్రాచీనులే చెప్పిరని కొందరు సభలలో పలుకుచుందురు. అది అతివ్యాప్తి. ఆనందవర్ధనుడు విచారించినది గ్రహించిన కవి కావ్యమునకు కలుగు దోషమును, మొదటి కవి సొత్తునకు కలుగు నష్టమును కాదు. దోషమునకు కాలావధి లేదు. చట్టమునకు కలదు: రచయిత గతించిన మరుసటి సంవత్సరాది నుండి 60 ఏండ్లు. గురజాడ 1915లో గతించెను గావున గిరీశమును ఎవరైనను తమ నాటకమున ప్రవేశపెట్టవచ్చును. ఆ గిరీశము ప్రతిబింబమాత్రుడైనచో న్యాయస్థానము ఉపేక్షించును గాని సహృదయుడు ఉపేక్షింపడు. మొక్కపాటి నరసింహశాస్త్రి 1973లో గతించిరి. బారిష్టరు పార్వతీశమునకు గడువు 2033 చివరి వరకు కలదు.

బొమ్మల కథలలో రూపమే అభివ్యక్తి గనుక నిర్ణయము సులభము. నాగరాజ్ అను చిత్రకథానాయకుని పోలిన నాగేశ్‌ను 1996లో ఢిల్లీ హైకోర్టు నిషేధించెను. ఆనందవర్ధనుని ఆలేఖ్యమునకు ఇంతకంటె చక్కని ఉదాహరణము దొరకదు.

అనేక కృతులలో క్రమముగ పెరుగు పాత్ర చిక్కైనది. షెర్లాక్ హోమ్స్ విషయమున 2014లో అమెరికా అప్పీలు న్యాయస్థానము, గడువు తీరిన కథలలోని హోమ్స్ సర్వసామాన్యుడనియు, మిగిలిన పది కథలలో క్రొత్తగ చేరిన విశేషములకు మాత్రమే రక్షణ కలదనియు తీర్పు చెప్పెను. ఆ కథల గడువు సైతము అచట 2022 చివర తీరినది.