మెడకు గొట్టం వేసే ముందు, వేశాక మొదటి వారం

బల్లార్షా, రాజురా, ఘుగ్గుస్ గనుల వైపు ఉండే మన తెలుగువాళ్లలో ఎవరికో తలకు దెబ్బ తగిలో, పురుగుమందు ఒంట్లోకి పోయో చంద్రపూర్‌లో వెంటిలేటర్ మీద వారం దాటిందంటే, డాక్టరు ట్రకియాస్టమీ మాట ఎత్తుతారు. ఇప్పుడు ఎక్కువగా ఐసీయూ మంచం మీదే చేసేస్తున్నారు. మెడ ముందు సూది గుచ్చి, తీగ దింపి, దారి వెడల్పు చేసి గొట్టం పెడతారు. 1985లో సియాలియా అనే సర్జన్ చెప్పిన పద్ధతి. గాటు చిన్నదే, ప్రమాదం మాత్రం చిన్నది కాదు.

చేయవలసినవి

• ‘ఇప్పుడే ఎందుకండీ?’ అని అడగండి. బ్రిటన్‌లో 2013లో వెలువడిన ట్రాక్‌మాన్ పరిశీలనలో నాలుగు రోజుల్లోపు చేసినా, పది రోజులు ఆగినా మరణాల్లో తేడా కనబడలేదు. ఆగినవాళ్లలో చాలామందికి అసలు అవసరమే రాలేదు.

• రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి. ప్లేట్‌లెట్లు 50,000 కంటే తగ్గినా, రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్‌ఆర్ 1.5 దాటినా మామూలుగా ముందు వాటిని సరిచేస్తారు. రక్తపింజరి కాటు కేసుల్లో ఇది మరీ ముఖ్యం.

• బ్రాంకోస్కోపు గానీ అల్ట్రాసౌండు గానీ వాడతారా, అవసరపడితే మెడ కోసి చేయగల సర్జన్ అందుబాటులో ఉన్నారా అని కనుక్కోండి.

• మంచం పక్కనే కఫం లాగే సక్షన్, అదే సైజు గొట్టం ఒకటి, దానికంటే చిన్నది ఇంకొకటి ఉండాలి.

• ఎండాకాలంలో చంద్రపూర్ గాలి 45 డిగ్రీలు దాటి పొడిబారుతుంది. గొట్టంలోకి పోయే గాలికి తేమ అందేలా చూడండి. అందకపోతే కఫం గట్టిపడి దారి మూసుకుపోతుంది.

చేయకూడనివి

• పసిపిల్లలకు, మెడ ఎముక విరిగినవాళ్లకు, పెద్ద గాయిటర్ ఉన్నవాళ్లకు, ఆక్సిజన్ చాలా ఎక్కువ ఇస్తే తప్ప నిలవనివాళ్లకు ఈ సూది పద్ధతే కావాలని పట్టుబట్టకండి.

• మొదటి వారం పది రోజుల్లో గొట్టం జారితే, గుడ్డిగా మళ్లీ తోయకూడదు. అప్పటికి దారి కుదురుకోదు. గొట్టం శ్వాసనాళంలోకి పోకుండా చర్మం కింద దూరుతుంది. గాలి అక్కడే నిండి మెడా ముఖమూ ఉబ్బుతాయి, లోపల ఊపిరి అందదు. రంధ్రం మూసి నోటి ద్వారా ఆక్సిజన్ ఇస్తూ, నోటి గొట్టం వేయగల డాక్టరును పిలవాలి. అందుకే మనిషిని పక్కకు తిప్పేటప్పుడు ఒకరు గొట్టాన్ని పట్టుకునే ఉండాలి. ఇక్కడ ఒంటి చేత్తో పని చేయడం క్షమించలేనిది.

• గొట్టం చుట్టూ ఉండే బెలూన్ ఉబ్బి ఉండగా, మాట్లాడేందుకు వాడే వాల్వు ఎప్పుడూ పెట్టకూడదు. లోపలికి పోయిన గాలికి బయటికి వచ్చే దారే ఉండదు.

• రోజులు గడిచాక కనబడే ఎర్రటి రక్తాన్ని, చెంచాడే అయినా, తేలిగ్గా తీసుకోకూడదు. పక్కనున్న పెద్ద రక్తనాళం ఒరుసుకుపోతోందేమో వెంటనే చూడాలి.

• నాగపూర్‌కు మార్చాల్సి వస్తే, సక్షనూ అదనపు గొట్టమూ నోటి గొట్టం వేయడం వచ్చిన మనిషీ లేని అంబులెన్స్‌లో బయలుదేరకండి.