రెండు దేనారములు

పాఠ్యభాగము: లూకా 10:25–37, మత్తయి 20:1–16, యాకోబు 5:4

మంచి సమరయుని ఉపమానమును ధ్యానించునప్పుడు అతని దయను గూర్చి విస్తారముగా చెప్పుకొందుము. అతడు పూటకూళ్లవానికిచ్చిన రెండు దేనారములను గూర్చి మాటలాడుట అరుదు. నర్సుల పనిని అర్థము చేసికొనుటకు ఆ రెండును కావలెను.

1. చూచి కదలిన హృదయము

యాజకుడును లేవీయుడును గాయపడినవానిని చూచిరి, సమరయుడును చూచెను. భేదము చూపులో లేదు. మన తెలుగు బైబిలులో సమరయుడు జాలిపడెనని యున్నచోట, గ్రీకు మూలమందలి క్రియ కడుపులోని అవయవములను తెలుపు పదమునుండి పుట్టినది. కడుపు తరుగుకొనిపోవుట అను మన నుడికారము దానికి చాల దగ్గర.

అనుభవముగల నర్సుకు ఇట్టి యెరుక కలుగుట కద్దు. నాడి, రక్తపు పోటు పట్టికలో సరిగానే యుండును. అయినను "ఈ రోగి బాగుగా లేడు" అని ఆమె మనస్సు చెప్పును. 2015లో నెదర్లాండ్స్ పరిశోధకులు పూర్వపు అధ్యయనములను పరిశీలించి, ఈ ఆందోళన వెనుక గుర్తింపదగిన సూచనలు గలవని చూపిరి: ఊపిరిలో మార్పు, కలవరపాటు, నొప్పి, రోగి తానే బాగుగా లేనని చెప్పుట. కాబట్టి ఇది సోదె కాదు. ఏండ్ల శ్రమకు ఫలము. అయితే ఆమె దానిని తనలో దాచుకొనరాదు. మరల పరీక్షించి, వ్రాసియుంచి, వైద్యునికి తెలుపవలెను. వైద్యుడు వినవలెను.

2. ద్వీపములలో ఒక సాక్ష్యము

బతు బస్తీలోని తెలుగు కుటుంబములకు స్వరాష్ట్రపు పెద్ద ఆసుపత్రులు సముద్రమునకు ఆవలనున్నవి. చిన్న దీవులవారికి పోర్ట్ బ్లెయిర్ (2024 నుండి శ్రీ విజయపురము) చేరుటయే ఒక ప్రయాణము. లిటిల్ అండమాన్‌లోని డుగాంగ్ క్రీక్‌లో ఓంగీ ప్రజల మధ్య శాంతి తెరెసా లక్రా అను నర్సు సేవచేసెను. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిన తరువాత వారు అడవిని ఆశ్రయింపగా, ఆమె వారిని విడువలేదు. 2011లో ఆమెకు పద్మశ్రీ లభించెను. అట్టి చోట ఏ రోగిని ఓడ ఎక్కింపవలెనో మొదట గ్రహింపవలసినది నర్సే.

3. జీతము దయకు విరోధి కాదు

దేనారము ఒక దినపు కూలి. సమరయుడు పూటకూళ్లవానితో "దేవుడే నీకిచ్చును" అనలేదు. రెండు దినముల కూలి చేతిలోపెట్టి, మిగిలినది తిరిగివచ్చి తీర్చెదనని మాట యిచ్చెను. సేవ అను పేరుతో కూలి తగ్గించుటకు ఈ ఉపమానములో చోటు లేదు.

2016 జనవరి 29న సుప్రీంకోర్టు, ప్రైవేటు ఆసుపత్రులలోని నర్సుల జీతములను పరిశీలించుటకు సంఘమును నియమింపుమని కేంద్ర ప్రభుత్వమును ఆదేశించెను. 200 పడకలకు మించిన ఆసుపత్రిలో ప్రభుత్వ నర్సుతో సమానముగాను, 50 పడకలకు లోబడినచోట నెలకు 20,000 రూపాయలకు తగ్గకుండను ఇవ్వవలెనని ఆ సంఘము సిఫారసు చేసెను. అయితే సిఫారసుకు చట్టమంత బలము లేదు. అమలు రాష్ట్రముల చేతిలో నున్నది.

ఈ రెండు సంగతులు వేరు కావు. చాలీచాలని జీతమువలన నర్సు రెండుచోట్ల పనిచేసి అలసిపోయినయెడల, రోగి ముఖములోని మార్పును ఎట్లు కనిపెట్టును? విసిగి ఉద్యోగము విడిచినయెడల, ఏండ్లుగా కూర్చుకొన్న ఎరుకయు ఆమెతోనే పోవును. నష్టపడువాడు మంచముమీది రోగియే.

చర్చించుడి

1. మన సంఘములు నడుపు ఆసుపత్రులలో నర్సుల జీతమెంతయో మనమెప్పుడైన విచారించితిమా?
2. నర్సు మాటను వైద్యుడును బంధువులును తేలికగా త్రోసివేయుటకు కారణములేవి?
3. నర్సులు జీతము పెంచుమని కోరునప్పుడు, యాకోబు 5:4 ఎవరి పక్షమున మాటలాడుచున్నది?