మూటయు బాటయు

"తిరుగక మగవాడు చెడెను, తిరిగి ఆడుది చెడెను" అని తెలుగునాట ఒక పాత సామెత కలదు. నాలుగూళ్లు తిరిగినగాని మగవానికి లోకజ్ఞానము రాదనియు, గడప దాటినచో ఆడుది చెడిపోవుననియు దీని భావము. సామెతలు అనుభవమునుండి పుట్టినవని పెద్దలందురు. అనుభవము మారినప్పుడు సామెతనుగూడ మరల తూచి చూడవలసియుండును. అనంతపురము సీమలోని స్త్రీలు కొందరు తమ ప్రయాణములచేతనే దీనిని పరీక్షించినారు.

రాప్తాడు అనంతపురమునకు దక్షిణమున, చేరువలోనే యున్నది. శ్రీనగరమునుండి కన్యాకుమారివరకు పోవు 44వ సంఖ్య జాతీయ రహదారి ఆ యూరిమీదుగా సాగుచున్నది. చుట్టును ఎఱ్ఱనేలలు, రాతిగుట్టలు, వేరుసెనగ చేలు కానవచ్చును. నైరుతి ఋతుపవనములు తెచ్చు మేఘములు పడమటి కనుమలలోనే తమ నీటిని చాలవరకు విడిచివచ్చును. ఈశాన్య ఋతుపవనముల వాన తూర్పుతీరమును దాటి యింతదూరము వచ్చునప్పటికి సన్నగిల్లును. అందుచే ఇచ్చట సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియును. ఆ కొద్దివానయు అదనున పడనిచో వేరుసెనగ ఊడలు నేలలోనికి దిగవు, కాయ పట్టదు, విత్తనమునకై చేసిన అప్పు మాత్రము మిగులును.

చేను పండని యేట ఈ సీమవారికి బాటయే రెండవ చేను. దక్షిణముగా సుమారు రెండువందల కిలోమీటర్లు పోయిన బెంగుళూరు నగరము వచ్చును. పురుషులు కూలికై అచ్చటికి వలసపోవుట పాతమాట. స్త్రీలు మూట కట్టుకొని వ్యాపారమునకై దూరదేశములకు పోవుటయే క్రొత్తమాట.

నిజమునకు అదియు పూర్తిగా క్రొత్తది కాదు. ధర్మవరమునకు సమీపముననున్న నిమ్మలకుంట తోలుబొమ్మలాటకు పేరుగాంచిన గ్రామము. పూర్వము ఆ కళాకారులు కుటుంబములతో ఊరూరు తిరిగి, రాత్రులందు రామాయణ భారత కథలను ఆడెడివారు. తెరవెనుక స్త్రీలును పాడెడివారు, బొమ్మలను ఆడించెడివారు. సినిమాలు వచ్చిన పిమ్మట ఆట తగ్గెను. అప్పుడు వారు అదే మేకతోలుతో దీపపు గొట్టములను, గోడకు తగిలించు చిత్రములను చేసి సంతలలో, ప్రదర్శనములలో అమ్ముట నేర్చిరి. ఆ గ్రామపు కళాకారుడు దళవాయి చలపతిరావునకు 2020లో పద్మశ్రీ పురస్కారము లభించినది. ఆట మారినను బాట మారలేదు.

తక్కిన స్త్రీలకు ఈ బాటను చూపినవి పొదుపు సంఘములు. గ్రామీణ స్త్రీల అభివృద్ధికై 1982లో డ్వాక్రా పథకము ఆరంభమైనది. 1999లో అది వేఱొక పథకములో కలిసిపోయినను జనుల నోట ఆ పేరు నిలిచియున్నది. సంఘపు స్త్రీలు తమ సరకులను తామే అమ్ముకొనుటకు కేంద్ర ప్రభుత్వపు గ్రామీణాభివృద్ధి శాఖవారు 'సరస్' అను మేళాలను ఢిల్లీ మొదలగు నగరములలో జరిపించుచున్నారు.

ఇట్టి ప్రయాణము ఎట్లుండునో తెలియుటకు రాప్తాటి స్త్రీ నొకతెను మనస్సున ఊహించుకొనవచ్చును. ఆమె సంఘమునుండి అప్పు తీసికొని, ధర్మవరమునకు పోయి, నేతగాండ్రయొద్ద పట్టుచీరలను, పిల్లల పట్టుపావడలను కొన్నది. సంఘములోని పదిమందియు ఒకరికొకరు పూచీ. ఆమె నష్టపడినచో తక్కిన తొమ్మిదిమందియు ఆ వాయిదాలను పంచుకొని కట్టవలసివచ్చును. కనుక ఆ మూటలో నున్నవి పట్టుబట్టలు మాత్రమే కావు, పదియిండ్ల నమ్మకము.

బయలుదేరు దినమున పొరుగింటి వృద్ధురాలు వచ్చి, "ఆడుది మూట కట్టుకొని ఢిల్లీకి పోవుటయా! మన యింటావంటా ఉన్నదా?" అని పాత సామెతను చదివెను.

అందులకు అత్తగారు, "వదినా, కరవు మాత్రము మన యింటావంటా ఉన్నది గదా! అది మనలను అడిగి వచ్చినదా? కోడలిని పోనిమ్ము" అనెను.

రాప్తాటినుండి అనంతపురమునకు బస్సులో ఆమెకు టిక్కెట్టు ఖర్చు లేదు. 2025 ఆగస్టు 15వ తేదీనుండి ఆంధ్రప్రదేశ్‌లో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ మొదలగు ప్రభుత్వ బస్సులలో రాష్ట్రపు స్త్రీలు గుర్తింపు పత్రము చూపి ఉచితముగా ప్రయాణింపవచ్చును. రాష్ట్రము దాటి పోవు బస్సులకు ఈ సౌకర్యము లేదు. అనంతపురములో ఆమె కర్ణాటక ఎక్స్‌ప్రెస్ ఎక్కెను. రెండు రాత్రులు, నడుమ ఒక పగలు గడచినగాని ఢిల్లీ రాదు. ఆ రెండు రాత్రులును ఆమెకు మూటయే తలగడ.

మేళాలో మొదటి చిక్కు భాషవలన వచ్చెను. ఆమెకు హిందీ అంకెలు పదివరకును, నూరు, వేయి అను మాటలును తెలియును. ఒక పట్టుపావడకు 2,400 రూపాయలు వచ్చిన చాలునని ఆమె యెంచియుండెను. కొనవచ్చిన గృహిణి "ఢాయీ హజార్" అనెను. ఆమెకు అది రెండువేలుగా వినబడెను. తల అడ్డముగా త్రిప్పి పావడను మడిచిపెట్టెను. గృహిణి వెడలిపోయెను.

ప్రక్క అంగడిలోని రాజస్థానపు స్త్రీ ఇది చూచి, "బెహన్, ఆమె రెండువేల యైదువందలు ఇచ్చెదననినది గదా! ఏల పొమ్మంటివి?" అని చేతివ్రేళ్లతో లెక్క చూపెను. రెండున్నరకు ఢాయీ, ఒకటిన్నరకు డేఢ్ అని హిందీలో వేఱు మాటలున్నవి. ఆ మాట తెలియక నూరు రూపాయల అదనపు లాభముతోకూడిన బేరము చేజారెను. ఆ రాత్రి ఆమె ఆ రెండు మాటలను లెక్కపుస్తకము అట్టమీద పెద్ద అక్షరములతో వ్రాసికొనెను.

రెండవ చిక్కు సెల్‌ఫోనువలన కలిగెను. సెల్‌ఫోను ద్వారా సొమ్ము చెల్లించు యూపీఐ పద్ధతి 2016లో వచ్చినది. చిల్లర వెదకుకొను బాధ తప్పినది గాని, మోసమునకును క్రొత్త త్రోవ యేర్పడినది. ఒకడు చీర తీసికొని, సొమ్ము పంపినట్లు తన ఫోను చూపి నడువబోయెను. ఆమె ఫోనుకు మాత్రము ఏ కబురును రాలేదు. "అయ్యా, మీ ఫోనులో పోయిన సొమ్ము నా ఫోనులోనికి వచ్చువరకు కూర్చుండుడు" అని ఆమె పీట వేసెను. కొంతసేపటికి అతడు చీరను అచ్చటనే పెట్టి జనములో కలిసిపోయెను.

మఱునాడు అకాలవర్షము కురిసి గుడారము కారెను. రెండు పావడలు తడిసి జరీ అంచున మరక పడెను. సొంత ఊరిలో ఏ వానకై ఆకసమువంక చూచెడిదో, ఆ వాన ఇచ్చట అడుగకయే వచ్చి సరకు చెఱచెను! మరకను మడతలో దాచి అమ్ముట కష్టము కాదు. కాని ఆమె మరకను ముందుగా చూపి, ధర తగ్గించి అమ్మెను. కొన్నవారిలో ఒకతె మఱునాడు తన చెల్లెలిని వెంటబెట్టుకొని వచ్చి రెండు చీరలు కొనెను.

చిక్కులవెంట సంతోషములును వచ్చెను. మధ్యాహ్నము ఆమె సజ్జరొట్టెయు, వేరుసెనగ పొడియు విప్పగా, రాజస్థానపు స్త్రీ తన మూటనుండి అట్టి సజ్జరొట్టెనే తీసెను! ఇరువురును పకపక నవ్విరి. వాన తక్కువైన నేలలయందు పండు పైరు ఒక్కటే, రొట్టె ఒక్కటే. నాటినుండి వారు పొడిని, పచ్చడిని మార్చుకొనుచు కలిసి భుజించిరి. ఉత్తరదేశపు స్త్రీలు ఏ రంగులను మెచ్చుచున్నారో, ఎట్టి అంచు కోరుచున్నారో ఆమె ప్రతిదినము వ్రాసికొనెను. ఇంట కూర్చున్న నేతగానికి ఈ వార్త అందదు, దళారి చెప్పడు.

తిరుగు ప్రయాణమున తుది చిక్కు ఎదురయ్యెను. గుంతకల్లులో బండి మారవలసియుండెను. టిక్కెట్టుమీద 15వ తేదీ, 0 గంటల 20 నిమిషములు అని యున్నది. ఆమె 15వ తేదీ రాత్రి పదిగంటలకు అచ్చటికి చేరి నిశ్చింతగా కూర్చుండెను. అర్ధరాత్రి దాటగానే తేదీ మారును గనుక, ఆ బండి క్రితము రాత్రియే వెడలిపోయినది. స్త్రీల విశ్రాంతి గదిలో తెల్లవార్లు మేలుకొని, ఉదయము వేఱొక టిక్కెట్టు కొని ఇల్లు చేరెను. బండిలోనున్న స్త్రీల రక్షణకు చట్టము కలదు. మగతోడు లేని స్త్రీయొద్ద సరియైన టిక్కెట్టు లేకున్నను ఆమెను రాత్రివేళ బండినుండి దింపరాదని 1989 నాటి రైల్వేల చట్టము చెప్పుచున్నది. కాని తేదీ చూచుకొనుట మాత్రము ప్రయాణికుల పనియే.

బాటమీది కష్టసుఖములు ఒక్క అనంతపురపు స్త్రీలకే పరిమితములు కావు. పశ్చిమ ఆఫ్రికాలోని టోగో దేశపు రాజధాని లోమేలో స్త్రీలు అద్దకపు బట్టల వ్యాపారమున గొప్ప ధనము గడించిరి. వారు బెంజ్ కారులు కొన్నందున 'నానా బెంజ్' అని పేరు వచ్చెను. 1994లో ఆ ప్రాంతపు నాణెము విలువ సగమునకు తగ్గింపబడగా, హాలెండునుండి వచ్చు బట్టల ధర పెరిగి వారి వ్యాపారము దెబ్బతినెను. తరువాతి తరపు స్త్రీలు ఇంట కూర్చుండక చైనాకు పోయి, అచ్చట తక్కువ ధరకు బట్టలు నేయించి తెచ్చిరి. పాత బాట మూసికొనిన వారికి క్రొత్త బాటయే దిక్కయ్యెను.

రాప్తాడు చేరిన మఱునాడు ఆమె సంఘపు స్త్రీలయెదుట లెక్కపుస్తకము విప్పెను. వచ్చినది, పోయినది, తడిసినది, చేజారినది అన్నియు అందున్నవి. వాయిదా కట్టగా కొంత సొమ్ము మిగిలెను. అది గొప్ప లాభము కాదు; కాని పిల్లల బడి ఖర్చునకు ఆ యేడు వానకై ఎదురుచూడవలసిన పని లేదు. ఢాయీ, డేఢ్ అను మాటలను సంఘపు స్త్రీలందరు ఆమెవెంట పలికి నేర్చుకొనిరి.

సాయంకాలము పొరుగింటి వృద్ధురాలు వచ్చి గడపవద్ద కూర్చుండెను. ఢిల్లీలో నీళ్లెట్లున్నవి, జనులెట్టివారు అని చాలసేపు అడిగెను. లేచిపోవునప్పుడు, "అమ్మాయీ, మఱుసారి పోవునప్పుడు మా కోడలినిగూడ వెంటబెట్టుకొని పొమ్ము. ఒకరికొకరు తోడుగా నుందురు" అనెను. ఈసారి ఆమె సామెత చెప్పలేదు.

తిరుగుటచేత చెడుటయు, బాగుపడుటయు స్త్రీయా, పురుషుడా అనుదానినిబట్టి యుండవు. లెక్కయందు శ్రద్ధ, మాటయందు సత్యము, బాటయందు మెలకువ గలవారికి చిక్కులే చదువగును. వాన కరవైన సీమలో ఆ చదువును మించిన పంట లేదు.