కాలిక్యులేటర్ గీసిన దొంగ వాన

మనందరి బ్యాగుల్లో సైంటిఫిక్ కాలిక్యులేటర్ ఉంటుంది. నంబర్లు కొడతాం, జవాబు వస్తుంది, పేపర్ మీద రాసేస్తాం. లోపల లెక్క ఎలా కట్టిందో మనం అడగం. అడిగినా అది చెప్పదు. అడిగితే చెప్పే కాలిక్యులేటర్లు కూడా ఉన్నాయి, వాటి గురించే ఈ వ్యాసం.

ఫ్రాన్స్‌కు చెందిన నమ్‌వర్క్స్ సంస్థ 2017లో ఒక గ్రాఫింగ్ కాలిక్యులేటర్ తెచ్చింది. అందులో పైథాన్ ప్రోగ్రాములు రాసుకోవచ్చు. దాని సోర్స్ కోడ్‌ను గిట్‌హబ్‌లో అందరూ చదివేలా పెట్టారు. వ్యాపారానికి వాడకూడదనే షరతు ఉంది కాబట్టి కచ్చితంగా చూస్తే ఓపెన్ సోర్స్ అనలేం. కానీ నేర్చుకోవడానికి అడ్డేమీ లేదు. కొనక్కర్లేదు కూడా, బ్రౌజర్‌లో సిమ్యులేటర్ ఉచితం. నేను దాంతోనే మొదలుపెట్టాను.

గ్రాఫ్ గీయడం పెద్ద బ్రహ్మవిద్య కాదు. తెర మీద అడ్డంగా 320 చుక్కలు ఉంటాయి. ఒక్కో చుక్కకు ఒక ఎక్స్ విలువ తీసుకుని, దానికి వై లెక్కగట్టి, ఆ ఎత్తులో రంగు వేయాలి. పక్కపక్క చుక్కల్ని గీతతో కలిపితే గ్రాఫ్ తయారు. ఇరవై లైన్ల ప్రోగ్రాం చాలు.

చిక్కంతా ఆ కలపడంలోనే ఉంది. టాన్ గ్రాఫ్ గీయించి చూడండి. 90 డిగ్రీలకు కాస్త ముందు విలువ పైకెక్కడికో పోతుంది, దాటగానే కిందెక్కడికో పడుతుంది. ప్రోగ్రాం ఈ రెండింటినీ కలిపేసి నిలువు గీత ఒకటి గీస్తుంది. నిజానికి 90 దగ్గర టాన్‌కు విలువే లేదు. ఆ గీత గణితంలోది కాదు, ప్రోగ్రాంలోది.

పోయిన ఖరీఫ్‌లో నాయన క్యాలెండర్ మీద రాసుకున్న వాన లెక్కల్ని అదే ప్రోగ్రాంలో వేశాను. జూన్ 20న 30 మి.మీ., మళ్లీ జూలై 18న 20 మి.మీ. గీత నున్నగా వచ్చింది. గొప్పగా చూపించాను. ఆయన వేలు పెట్టి అడిగాడు: "జూలై నాలుగున వాన యాడ పడిందిరా?"

గ్రాఫ్ ప్రకారం ఆ రోజు 25 మి.మీ. మా చేలో మాత్రం చుక్క లేదు. రెండు వానల మధ్య 27 రోజులు ఒట్టి ఎండే. వేరుశనగ విత్తిన 25, 30 రోజులకు పూతకొస్తుంది. సరిగ్గా అప్పుడే పదును లేకపోయింది. మన జిల్లాలో ఏడాదికి సుమారు 550 మి.మీ. వాన పడుతుందంటారు. కానీ పంటను తేల్చేది ఆ మొత్తమొక్కటే కాదు, వానకూ వానకూ మధ్య ఎడం. నా గీత ఆ ఎడాన్నే పూడ్చేసింది.

ప్రోగ్రాం నేనే రాశాను కాబట్టి తప్పెక్కడుందో వెంటనే దొరికింది. చుక్కల్ని కలిపే లైను తీసేసి, వాన పడ్డ రోజుకు ఒక నిలువు కడ్డీ, పడని రోజుకు సున్నా పెట్టాను. అది చూసి నాయన "ఆ, ఇదీ మన చేను" అన్నాడు. కోడ్ మూసేసిన యంత్రమైతే ఆయన ప్రశ్నకు నా దగ్గర జవాబుండేది కాదు.

పరీక్ష హాల్లోకి ప్రోగ్రామబుల్ కాలిక్యులేటర్లను రానివ్వరు, తెలుసు. హాస్టల్లో ఎవరూ అడ్డుకోరు కదా. ఈ వారం టాన్ గ్రాఫ్‌కు ప్రోగ్రాం రాయండి, డిగ్రీలను రేడియన్లలోకి మార్చడం మరవద్దు. తర్వాత ఆ దొంగ గీతను తీసేయండి. అదయ్యాక మీ ఊరి వాన లెక్క వేసి, ఇంట్లో పెద్దవాళ్లకు చూపించండి.