ప్రశ్నార్థకాలుగా మారిన కథలు

పిల్లలూ, బడి వెబ్‌సైటును మీరందరూ చూసే ఉంటారు. లోపల అదెలా నడుస్తుందో చూసినవాళ్లు మాత్రం తక్కువ. మీరు రాసిన కథ డేటాబేసు అనే పట్టికల్లో ఉంటుంది. ఫోటోలు ఫైళ్లుగా మరోచోట ఉంటాయి. ఎవరైనా పేజీ అడగగానే రెండింటినీ కలిపి చూపించే ప్రోగ్రామును కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అంటారు. వర్డ్‌ప్రెస్, డ్రూపల్, జూమ్లా ఆ కోవలోవే.

ఈ ప్రోగ్రాములో ఎక్కడైనా లోపం బయటపడితే తయారుచేసినవాళ్లు ప్యాచ్ విడుదల చేస్తారు. ప్యాచ్ అంటే మన మాటల్లో మాసిక. బట్టకు మాసిక వేస్తే చిరుగు మూసుకుపోతుంది. ఇక్కడ ఇంకో చిక్కుంది. పాత ప్రోగ్రామునూ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే చిరుగు ఎక్కడుందో దొంగలకూ తెలిసిపోతుంది. మాసిక వేయనివాళ్ల కోసం అప్పుడు వెతుకులాట మొదలవుతుంది.

2014 అక్టోబరు 15న అదే జరిగింది. డ్రూపల్ 7లో పెద్ద లోపం ఉందని ప్రకటించి, 7.32 విడుదల చేశారు. లాగిన్ కాకుండానే బయటివాళ్లు డేటాబేసుకు ఆజ్ఞలు పంపగలిగే లోపం అది. కొన్ని గంటల్లోనే దాడులు మొదలయ్యాయి. అక్టోబరు 29న డ్రూపల్ భద్రతా బృందం ఇంకో మాట చెప్పింది. ప్రకటన వచ్చిన 7 గంటల్లోపు సరిచేయని సైట్లలో దొంగ దూరాడనే అనుకోవాలట! మన గడియారంలో ఆ గడువు 16వ తేదీ తెల్లవారుజామున 4:30కి ముగిసింది. మన దేశం నిద్రలో ఉన్న వేళ. ఆ తర్వాత మాసిక వేయడం, దొంగ ఇంట్లో ఉండగా తలుపుకు తాళం వేయడం లాంటిది. అందుకే 15కు ముందు తీసిన బ్యాకప్ నుంచి సైటును మళ్లీ నిలబెట్టుకోమన్నది ఆ బృందం సలహా.

ఇది చదివితే వెంటనే అప్‌డేట్ బటన్ నొక్కెయ్యాలనిపిస్తుంది. మేమూ ఒకసారి అలాగే నొక్కాం.

లోగడ మేము పనిచేసిన ఒక బడిలో వెబ్‌సైటు పని తెలుగు, హిందీ టీచర్లకూ కంప్యూటర్ క్లబ్బు పిల్లలకూ కలిపి అప్పజెప్పారు. అచ్చు సంచికలో చోటు చాలని రచనలన్నీ అందులో పెట్టేవాళ్లం. రాసిన పిల్లల్లో చాలామంది అప్పటికే బదిలీల మీద వెళ్లిపోయారు. బ్యాకప్ తీశాం, ఫైలు వచ్చింది, ధైర్యంగా నొక్కాం. అప్‌డేటు సగంలో ఆగి తెర తెల్లబోయింది. బ్యాకప్ నుంచి తిరిగి ఎక్కించాం. ఇంగ్లీషు నోటీసులన్నీ చక్కగా వచ్చాయి. "బాగైపోయిందిగా!" అన్నారు ఆఫీసువాళ్లు. తెలుగు, హిందీ పేజీలు తెరిస్తే వరసగా ప్రశ్నార్థకాలు. ఆ బ్యాకప్ ఫైల్లోనూ ప్రశ్నార్థకాలే!

ఎందుకలా? కంప్యూటరు అక్షరాలను అంకెలుగా దాస్తుంది. యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. మన అక్షరానికి మూడు, గుణింతపు గుర్తుకు మరో మూడు కావాలి. "తెలుగు" అన్న మాటలో మూడు అక్షరాలు, మూడు గుర్తులు, మొత్తం 18 బైట్లు. మా బ్యాకప్ లాటిన్-1 అనే పాత పద్ధతిలో రాసుకుపోయింది. అందులో అక్షరానికి ఒక్క బైటే, తెలుగుకూ దేవనాగరికీ చోటే లేదు. చోటు లేని ప్రతి అక్షరం దగ్గరా ఒక ప్రశ్నార్థకం పెట్టేసింది.

ఇక్కడొక తేడా గుర్తుపెట్టుకోండి. తెలుగు బదులు ఖాళీ డబ్బాలు కనిపిస్తే మీ కంప్యూటరులో ఫాంటు లేదన్నమాట, అంతే. నెత్తిన గుర్తులున్న వింత ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తే చదివే పద్ధతి తప్పింది. బైట్లు సాధారణంగా భద్రంగానే ఉంటాయి, సరిచేయొచ్చు. డేటాలోనే ప్రశ్నార్థకాలు పడితే మాత్రం ఏది "అ"యో ఏది "క్ష"యో చెప్పే ఆధారం మిగలదు.

కొన్ని రచనలను అచ్చు సంచికల్లోంచి మళ్లీ టైపు చేశాం. వెళ్లిపోయిన పిల్లల ఇళ్లకు కబురు పెట్టాం. ఒక అమ్మాయి నోటుపుస్తకం పేజీలు ఫోటో తీసి పంపింది. తాతగారు చెప్పిన కథ రాసిన అబ్బాయి, "సైట్లో ఉంది కదా అని మేం దాచుకోలేదు టీచర్" అన్నాడు. తాతగారు అంతకుముందు ఏడే పోయారట.

అప్పట్నుంచి మా పద్ధతి మారింది. బ్యాకప్ తీయగానే దాన్ని వేరే కంప్యూటరులో ఎక్కించి నకలు సైటు నిలబెడతాం. డేటాబేసూ ఫైళ్లూ రెండూ వచ్చాయో లేదో అక్కడే తేలిపోతుంది. అప్‌డేటును ముందు ఆ నకలు మీదే వేస్తాం. ఏదైనా ప్లగిన్ పేచీ పెడితే అక్కడే పెడుతుంది. వాడని ప్లగిన్లను తీసేస్తాం, వాటికీ మాసికలు వేయాల్సిందే కాబట్టి. వేర్వేరు తేదీల కాపీలు ఉంచుతాం. దొంగ దూరాక తీసిన కాపీలో దొంగ కూడా ఉంటాడు కదా!

వర్డ్‌ప్రెస్ అయితే సంఖ్య చూడండి. 4.7.1 నుంచి 4.7.2కు వెళ్లడం లాంటివి చిన్న సవరణలు. 2013లో వచ్చిన 3.7 నుంచి వీటిని అది తనంతట తానే వేసుకోగలదు, ఆపకండి. 4.7 నుంచి 4.8కి వెళ్లేటప్పుడు మాత్రం నకలు మీద నిదానంగా పరీక్షించండి.

అప్‌డేటు పూర్తయ్యాక మేము ముందుగా హోం పేజీ తెరవం. "లక్ష్మి", "రాష్ట్రం", "స్త్రీ" లాంటి ఒత్తులు నిండుగా ఉన్న ఒక తెలుగు కథ తెరుస్తాం. ఒకరు నోటుపుస్తకంలోంచి పైకి చదువుతారు, మిగతావాళ్లం తెర మీద అక్షరం అక్షరం చూసుకుంటూ వెళతాం.