కాగిన నీటినుండి పోవునది, పోనిది

విద్యార్థులారా, నీటిని కాచుట ప్రతి గృహమందును ప్రతిదినము జరుగు పని. తెల్లవారకముందే చాయకు నీరు పొయ్యి మీదికెక్కును; స్నానమునకు కాగు పెట్టుదురు; అన్నమునకు ఎసరు పోయుదురు. నిత్యము కన్నుల యెదుట జరుగు పనిని గూర్చి మనము ఆలోచించుట అరుదు. అందుచే ఈ యేటి సంచికకు మేము ఈ చిన్న విషయమునే పాఠముగా గైకొంటిమి. నీరు కాగునపుడు ఏమి జరుగును? ఏయే దేశములవారు వేడి పానీయములకు నీటిని ఎట్లు కాచుదురు? కాచుటవలన నీటినుండి ఏవి పోవును, ఏవి పోవు? ఈ మూడవ ప్రశ్న కల్వకుర్తి ప్రాంతపు వారమైన మనకు మిక్కిలి ముఖ్యమైనది. దానికి త్రోవ యేర్పడుటకే మొదటి రెండింటిని ముందు చెప్పుచున్నాము.

1. విద్యుత్ కెటిలు

ఒకప్పుడు పెద్ద పట్టణముల హోటళ్లలో మాత్రమే కనబడిన విద్యుత్ కెటిలు ఇప్పుడు మన యిండ్లకును, విద్యార్థుల వసతి గృహములకును వచ్చినది. దాని అడుగుభాగమున లోహపు తీగ చుట్ట యొకటి యుండును. విద్యుత్ప్రవాహము ఆ తీగగుండా పోవునపుడు తీగ అడ్డగించుటవలన వేడి పుట్టును. ఆ వేడి దాదాపు అంతయు నీటికే చేరును. కట్టెల పొయ్యిలోనో, పుట్టిన వేడిలో పెద్ద భాగము పొగతోను గాలితోను వృథాగా పోవును.

ఇక లెక్క చూడుడు. ఒక గ్రాము నీటిని ఒక సెంటిగ్రేడు డిగ్రీ వేడి చేయుటకు సుమారు 4.2 జౌళ్ల శక్తి కావలెను. 25 డిగ్రీల వేడిగల ఒక లీటరు నీటిని 100 డిగ్రీలకు తెచ్చుటకు 1000 × 75 × 4.2, అనగా 3,15,000 జౌళ్లు పట్టును. 1500 వాట్ల కెటిలు సెకనుకు 1500 జౌళ్లనిచ్చును గనుక, వృథా ఏమియు లేదనుకొన్నచో 210 సెకనులు, అనగా మూడున్నర నిమిషములు చాలును. ఇంగ్లండులో గోడసాకెట్టునుండి సుమారు 3000 వాట్ల వరకు తీసికొనవచ్చును గనుక అచ్చటి కెటిలు ఇందులో సగము కాలముననే నీటిని మరిగించును. అమెరికాలో ఇండ్లకు వచ్చు సాధారణ విద్యుత్తు 120 వోల్టులే. అందుచే అచ్చటి కెటిలు మందముగా పని చేయును. అక్కడ పలువురు నేటికిని కెటిలును పొయ్యిమీదనే పెట్టుటకు ఇది యొక కారణము.

మన దేశమున విద్యుత్తు 230 వోల్టులు. చిన్న సాకెట్టు 6 ఆంపియరులకు మాత్రమే యేర్పడినది. 230ని 6 చేత హెచ్చించిన 1380 వాట్లు వచ్చును. కాబట్టి 1500 వాట్ల కెటిలును చిన్న సాకెట్టులో పెట్టరాదు. 16 ఆంపియరుల పెద్ద సాకెట్టులోనే పెట్టవలెను. వసతి గృహములలో ఒకే బోర్డునుండి మూడు నాలుగు వస్తువులను నడుపు విద్యార్థులు ఈ హెచ్చవేతను మరువకుందురు గాక.

నీరు మరిగిన వెంటనే తనంతట తానే ఆగిపోవు కెటిలును ఇంగ్లండులోని రసెల్ హాబ్స్ కంపెనీవారు 1955లో వెలువరించిరి. రెండు వేర్వేరు లోహములను అతికించిన చిన్న పలక యొకటి ఇందలి కీలకము. నీరు మరిగి ఆవిరి ఆ పలకకు తగిలినపుడు ఒక లోహము రెండవదానికంటె ఎక్కువగా సాగును. పలక వంగి స్విచ్చిని ఆర్పును. మూత తెరచి పెట్టినచో ఆవిరి పైకిపోయి పలకకు సరిగా చేరదు, కెటిలు ఆగదు. తరగతిలో లోహముల వ్యాకోచమును చదువునపుడు ఇది జ్ఞాపకముంచుకొనదగిన దృష్టాంతము.

2. దేశదేశముల ఆచారములు

యంత్రమెట్టిదైనను, నీటిని కాచు రీతిలో జాతికొక మర్యాద కలదు. రష్యావారికి సమోవారు ప్రసిద్ధము. అది నడుమ పొగగొట్టముగల లోహపాత్ర. గొట్టములో బొగ్గులు గాని కట్టెపుల్లలు గాని మండును. చుట్టునున్న నీరు కాగును. పైన చిన్న పాత్రలో చిక్కని తేయాకు కషాయముండును. దానిని కొంచెము గిన్నెలోనికి వంచుకొని, క్రిందినుండి వేడినీరు పట్టి పలుచన చేసికొందురు. తూలా నగరము ఈ సమోవారుల తయారీకి పేరొందినది. తుర్కీవారు ఒకదానిమీద నొకటి యుండు రెండు కెటిళ్లతో ఇట్లే చేయుదురు.

జపానువారు పచ్చ తేయాకుమీద సలసల కాగు నీటిని పోయరు. కాచిన నీటిని కొంత చల్లార్చి పోయుదురు, లేనిచో చేదెక్కును. దక్షిణ అమెరికాయందలి అర్జెంటీనావారు మాతే అను ఆకుల పానీయమునకు నీటిని మరుగురాకముందే దింపుదురు. చీనావారు ఆకేమియు వేయక వట్టి వేడినీటినే త్రాగుటకు అలవాటుపడినవారు. అచ్చటి రైళ్లలో వేడినీటి కుళాయిలుండును. ఆఫ్రికాలోని ఇథియోపియావారు జబెనా అను మట్టికూజాలో కాఫీ కాచుదురు.

టిబెట్టువారి సంగతి వేరు. సముద్రమట్టమునకు ఎంత ఎత్తు పోయిన గాలి ఒత్తిడి అంత తగ్గును. ఒత్తిడి తగ్గినకొలది నీరు తక్కువ వేడిమిలోనే మరుగును. సుమారు 3650 మీటర్ల ఎత్తుననున్న లాసాలో నీరు దాదాపు 88 డిగ్రీలకే మరిగిపోవును. ఇటుకవలె అదిమిన తేయాకును అచ్చటివారు చాలసేపు కాచి, వెన్నయు ఉప్పును చేర్చి చిలికి త్రాగుదురు. మన దక్కను పీఠభూమి సుమారు 500 మీటర్ల ఎత్తుననున్నది గనుక ఇక్కడ నీరు 98 డిగ్రీలు దాటినపుడు మరుగును.

ఇక మన రాజధానియగు హైదరాబాదున ఇరానునుండి వచ్చినవారు నెలకొల్పిన చాయ హోటళ్లు కలవు. వాటిలో తేయాకు కషాయమును మూతి మూసిన పాత్రలో సన్నని సెగమీద నిలిపి, పాలను వేరుగా చిక్కబడునట్లు కాచి, తుదకు కప్పులో రెంటిని కలుపుదురు. మన యిండ్లలో నైతే నీరు, ఆకు, చక్కెర, పాలు ఒకే గిన్నెలో పడి పొంగి దిగి మరల పొంగును.

ఈ ఆచారములను పరిశీలించిన ఒక భేదము తెలియును. కొందరు నీటిని మాత్రము కాచి ఆకుమీద పోయుదురు. కొందరు నీటిని ఆకుతో గూడ చాలసేపు కాచుదురు. టిబెట్టువారును మనమును రెండవ తెగవారము. ఈ భేదముతో మనకు తరువాత పని కలదు.

3. కాచుటవలన పోవునవి

1854లో లండను నగరమున కలరా వ్యాపించినపుడు, జాన్ స్నో అను వైద్యుడు ఆ రోగము బ్రాడ్ వీధిలోని ఒక చేతిపంపు నీటిద్వారా వచ్చుచున్నదని కనుగొనెను. 1884లో రాబర్టు కోక్ అను జర్మను శాస్త్రజ్ఞుడు కలకత్తాలో పరిశోధించి కలరా సూక్ష్మజీవిని నిర్ధారించెను. ఇట్టి జీవులు మరుగు నీటిలో బ్రదుకవు. కలరాయేగాక టైఫాయిడు, విరేచనములు, కామెర్లు మున్నగువానిని కలిగించు క్రిములును నీటిని కాచుటవలన నశించును. కావున క్రిముల భయముగల చోట నీటిని కాచి త్రాగుట ప్రాణరక్షకము. ఇందు సందేహము లేదు.

ఎంతసేపు కాచవలెను? గిన్నె అడుగున మొదట లేచు చిన్న బుడగలు నీటిలో కరగియున్న గాలి మాత్రమే. అది మరుగు కాదు. నీరంతయు కుతకుత ఉడుకునట్లు పెద్ద బుడగలు లేచిన పిదప ఒక్క నిమిషము చాలును. 2000 మీటర్లకు మించిన కొండప్రదేశములలో మూడు నిమిషములు కావలెను. మూత పెట్టి చల్లార్చి, అదే పాత్రనుండి పొడుగు కాడగల గరిటెతో తీసికొనవలెను. కాచిన నీటిలో చేయి ముంచినచో కాచిన శ్రమ వ్యర్థము.

కాచుటవలన పోవునది ఇంకొకటి కలదు. మన బోరుబావుల నీటిలో పప్పు త్వరగా ఉడకదు, సబ్బు నురుగు రాదు. ఇట్టి నీటిని కఠినజలమందురు. అందు కరగియున్న సున్నపు లవణములలో కొంతభాగము కాగునపుడు విడివడి తెల్లని పెళ్లగా అడుగున పేరుకొనును. మీ యింటి కెటిలులోపల చూచిన ఇది కానవచ్చును. ఈ పెళ్ల దళసరియైన కొలది వేడి నీటికి చేరుట ఆలస్యమగును. చింతపండు పులుసుగాని నిమ్మరసముగాని నీటితో కలిపి కాచి కొంతసేపు ఉంచిన అది కరగిపోవును.

4. కాచినను పోనిది

క్రిములు చచ్చుటయు, సున్నము దిగుటయు చూచి, కాచిన నీటిలో ఇక దోషమేమియు లేదని పలువురు తలంతురు. మేము ఈ వ్యాసమును వ్రాయుటకు ఈ తలంపే కారణము. “మా యింట నీటిని కాచియే త్రాగుచున్నాము గదా, మా పిల్లలకు భయమేమి?” అని కొందరు తల్లిదండ్రులు అడుగుదురు. వారి జాగ్రత్త కొనియాడదగినది. కాని మన నేలలో దాగిన శత్రువు క్రిమి కాదు.

నల్లగొండ, పూర్వపు మహబూబునగరు జిల్లాల నేల పురాతనమైన నల్లరాతి, ఎర్రరాతి గుట్టల నేల. ఈ గ్రానైటు రాళ్లలోని కొన్ని ఖనిజములందు ఫ్లోరైడు కలదు. వాననీరు పగుళ్లగుండా దిగి సంవత్సరముల తరబడి రాతిలో నిలిచియున్నపుడు ఆ ఫ్లోరైడు నీటిలో కరగును. అందుచే లోతైన బోరుల నీటిలో ఇది హెచ్చుగా నుండుట కద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని హద్దు పెట్టిరి. మన దేశపు ప్రమాణము 1 మిల్లీగ్రామునే కోరును. వేరు నీరు దొరకని చోట మాత్రము 1.5 వరకు సహించును.

హద్దుమీరిన ఫ్లోరైడును చిన్నతనమున త్రాగిన బిడ్డలకు పండ్లు తయారగునప్పుడే గార మచ్చలు పడును. ఏండ్లకొలది త్రాగినవారికి ఎముకలు గట్టిపడి, కీళ్లు బిగిసి, నడుము వంగును. వంగిన ఎముకను మరల చక్కచేయు మందు లేదు. తెలుగుదేశమున ఈ రోగమును గూర్చిన శాస్త్రీయ వివరణ 1937లో వెలువడినది. నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాయందు షార్టు అను వైద్యుడును ఆయన సహచరులును దీనిని పరిశీలించిరి. తరువాత నల్లగొండ పేరు ఈ రోగమువలన దేశమంతట వినబడినది.

ఫ్లోరైడునకు రంగు లేదు, వాసన లేదు, రుచి తెలియదు. అది జీవి కాదు గనుక చావదు. ఆవిరితో గూడ లేచిపోదు. ఆవిరియై పోవునది నీరు మాత్రమే. లీటరునకు 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడుగల రెండు లీటర్ల నీటిని తీసికొనుడు. అందున్నది మొత్తము 3 మిల్లీగ్రాములు. మూత లేక చాలసేపు కాచగా ఒక లీటరు మిగిలినదనుకొనుడు. ఆ 3 మిల్లీగ్రాములును ఇప్పుడు ఒక్క లీటరులో చేరినవి. హద్దులోనున్న నీరు హద్దునకు రెండింతలైనది. కాచి శుద్ధి చేసితిమనుకొన్నవారు నిజముగా చిక్కబరచిరి!

తేయాకు మొక్కకు నేలనుండి ఫ్లోరైడును పీల్చి ఆకులలో దాచుకొను స్వభావము కలదు. ముదురాకులో అది యెక్కువ. టిబెట్టు మున్నగు చోట్ల ఇటుక తేయాకును బహుకాలము కాచి త్రాగుటవలననే ఫ్లోరైడు రోగము కలుగుచున్నదని వైద్యులు కనుగొనిరి. కాబట్టి ఫ్లోరైడు నీటిలో తేయాకును మాటిమాటికి మరిగించి పిల్లలకిచ్చుట రెండు విధముల కీడు.

5. చేయదగిన పనులు

మొదటిది, నీటిని పరీక్ష చేయించుట. పరీక్షపెట్టెలోని రంగు ద్రావకమును నీటిలో కలిపినపుడు గులాబిరంగు పసుపువైపు తిరిగినకొలది ఫ్లోరైడు హెచ్చని గ్రహింతురు. బోరు వేయించిన ప్రతివారును త్రాగుటకు ముందే ఈ పరీక్ష చేయించుకొనవలెను.

రెండవది, నదినీటిని కోరుకొనుట. 2016 ఆగస్టు 7వ తేదీన గజ్వేలు ప్రాంతమందలి కోమటిబండలో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకము నదుల నీటిని శుద్ధిచేసి గ్రామములకు గొట్టములద్వారా పంపుటకు ఏర్పడినది. ఇంట నల్లా వచ్చుచుండగా, రుచి బాగున్నదని బోరు నీటినే త్రాగుట తెలివి కాదు. నల్లా నీరు నిలువ పాత్రలో చెడునేమోయను అనుమానమున్నచో దానిని కాచుకొనవచ్చును. అచ్చట కాచుట సార్థకము. శుభ్రముగా పట్టిన వాననీటిలోను ఫ్లోరైడు మిక్కిలి స్వల్పము.

మూడవది, వేరు త్రోవ లేనిచో ఫ్లోరైడును తీయు సాధనము. నాగపురమునందలి జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థవారు 1970 తరువాతి యేండ్లలో ఒక ఉపాయమును రూపొందించిరి. నీటిలో తగు పాళ్లలో సున్నమును, పటికను, బ్లీచింగు పౌడరును వేసి కలియబెట్టి, మడ్డి దిగిన పిదప పైనీటిని వడకట్టుటయే ఆ ఉపాయము. దానికి నల్లగొండ పద్ధతి యని పేరు. మట్టికూజాలో కాఫీ కాచు ఇథియోపియావారి దేశమునందును ఫ్లోరైడు నీళ్లు కలవు. అచ్చటను ఈ పద్ధతిని వాడిచూచిరి. ఆర్.ఓ. యంత్రములును ఫ్లోరైడును తీయును. వట్టి గుడ్డ వడపోతయు, క్రొవ్వొత్తి ఫిల్టరును, కిరణములతో క్రిములను చంపు యంత్రమును దీనిని తీయలేవు.

తుదకు విద్యార్థులకొక మాట. మీ తరగతిలో ఎవని పండ్లమీదనైన గార మచ్చలున్నచో అతడు పండ్లు తోముకొనలేదని ఎగతాళి చేయకుడు. అది శుభ్రత లేమి కాదు. అతని ఊరి బావి వ్రాసిన వ్రాత. అతని చెల్లెలికి ఆ మచ్చ పడకుండ చూచుట మన చదువునకు తగిన పని.

అభ్యాసము

1. ఒక లీటరు నీటిని, పెద్దల యెదుట, కెటిలులో పోసి మరుగుటకు పట్టిన కాలమును గుర్తింపుడు. పై లెక్క ప్రకారము పట్టవలసిన కాలముతో పోల్చి, తేడాకు కారణము వ్రాయుడు.

2. నాలుగు గ్లాసుల నీటిని మూత లేక పది నిమిషములు మరిగించి, చల్లారిన పిదప మిగిలినదానిని కొలువుడు. మొదటి నీటిలో లీటరునకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడున్నచో ఇప్పుడు ఎంత యుండును?

3. మీ యింట త్రాగునీరు ఎచ్చటినుండి వచ్చుచున్నది? బావియా, బోరా, నల్లాయా? దానిని ఎన్నడైన పరీక్షించిరా? మీ వీధిలో పది ఇండ్లకు ఇట్టి పట్టిక తయారుచేసి తరగతికి తెండు. తల్లిదండ్రులు ఈ పట్టికను మీతో గూర్చుండి నింపుదురని మా ఆశ.