కంప్యూటరులో స్టీలు గ్లాసు బొమ్మ గీద్దాం

 మేము ఈ హాస్టల్లో చదువుకుని ఇప్పుడు పట్నంలో డి.టి.పి., ఫ్లెక్సీల డిజైనింగు పని చేసుకుంటున్నవాళ్ళం. ప్రతి సంచికలోనూ కథలు, కవితలు ఎలాగూ ఉంటాయి కదా, ఈసారి చేతికి పని చెప్పే పాఠం ఒకటి రాద్దామనుకున్నాం.

పని కోసం వచ్చే పిల్లలను మేము చూస్తూనే ఉంటాం. ఎక్కడో దొరికిన బొమ్మను కత్తిరించి ఇంకో బొమ్మ మీద అతికించడం దాదాపు అందరికీ వచ్చు. “ఇదిగో, ఈ బల్ల మీదున్న వస్తువును గీసి చూపించు” అంటే చాలామంది ఆగిపోతారు. అతికించేవాళ్ళు ఎంతమందైనా దొరుకుతారు కాబట్టి వాళ్ళ జీతం పెరగదు. గీయగలిగినవాళ్ళను మాత్రం యజమాని వదులుకోడు. అందుకే ఈ పాఠం. బొమ్మకు వస్తువు కూడా మనందరి ట్రంకు పెట్టెల్లో ఉన్నదే, స్టీలు గ్లాసు.

దీనికి మేము వాడే సాఫ్ట్‌వేర్ గింప్. అమెరికాలో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ విద్యార్థులు స్పెన్సర్ కింబాల్, పీటర్ మాటిస్ 1995లో దీన్ని మొదలుపెట్టారు. డబ్బు కట్టనవసరం లేదు, ఒకరి దగ్గర నుంచి ఇంకొకరు నకలు తీసుకున్నా తప్పు లేదు. ఫొటోషాప్ ఐతే 2013లో చందా పద్ధతికి మారింది, నెల నెలా డబ్బు కట్టాలి. గింప్‌లో చెయ్యి తిరిగితే ఫొటోషాప్‌లో కూర్చున్నా పని ఆగదు, మెనూలో పేర్లే కొంచెం మారతాయి. మెనూ అంతా ఇంగ్లీషులో ఉందని భయపడవద్దు. ఈ బొమ్మకు కావలసిన మాటలు పాతిక కూడా ఉండవు.

ముందు కంప్యూటరు ఆపేసి గ్లాసు తెచ్చుకోండి. ఈ మాట నవ్వులాటకు అనడం లేదు. కంప్యూటరు గ్రాఫిక్స్‌లో ప్రపంచమంతా ఎరిగిన ఇంటి వస్తువు ఒక టీ కెటిల్. యూటా విశ్వవిద్యాలయంలో మార్టిన్ న్యూవెల్ అనే ఆయన 1975లో తమ ఇంటి టీ కెటిల్‌ను ముందు గ్రాఫ్ కాగితం మీద పెన్సిలుతో గీసుకుని, ఆ తర్వాతే దాని లెక్కలు కంప్యూటరుకు ఎక్కించాడు.

గ్లాసును కంటికి సరిగ్గా ఎదురుగా పట్టుకోండి. మూతి ఒక అడ్డగీతలా కనిపిస్తుంది. మెల్లగా కిందికి దించండి. ఆ గీత విచ్చుకుని కోడిగుడ్డు సొనలా అవుతుంది, ఇంకా దించి పైనుంచి చూస్తే పూర్తి గుండ్రం. అంటే కంటి ఎత్తుకు ఎంత కిందికి పోతే అంత గుండ్రంగా కనిపిస్తుందన్న మాట. బల్ల మీదున్న గ్లాసులో మూతి కన్నా అడుగు కిందే కదా ఉండేది? కాబట్టి అడుగు వంపు మూతి వంపు కంటే కొంచెం ఎక్కువ ఉండాలి. కొత్తగా గీసేవాళ్ళు అడుగున తిన్నగా గీత కొట్టేస్తారు. అప్పుడు గ్లాసు బల్ల మీద నిలబడదు, కాగితం ముక్కలా అంటుకుని ఉంటుంది.

ఇప్పుడు గింప్ తెరిచి 600 పిక్సెళ్ళ వెడల్పు, 800 ఎత్తుతో కొత్త బొమ్మ తీసుకోండి. షిఫ్ట్, కంట్రోల్, ఎన్ కలిపి నొక్కి పారదర్శకంగా ఉండే కొత్త లేయరు పెట్టండి. లేయరు అంటే ఒకదాని మీద ఒకటి పరిచిన గాజు పలకలనుకోండి, ఒకదాన్ని చెరిపినా మిగతావి చెడవు. ఫ్రీ సెలెక్ట్ పనిముట్టుతో నాలుగు చోట్ల నొక్కాలి: ఎడమ నుంచి 150, పై నుంచి 170 దగ్గర, తర్వాత 190, 633, తర్వాత 410, 633, చివరకు 450, 170. మళ్ళీ మొదటి చుక్క మీద నొక్కి ఎంటర్ కొట్టండి. ఇది గ్లాసు ఒళ్ళు. దీనికి అడుగు కలపాలి. ఎలిప్స్ సెలెక్ట్ తీసుకుని, మోడ్‌లో “యాడ్” ఎంచుకుని, స్థానం 190, 600, కొలత 220 అడ్డం, 66 నిలువు అని అంకెలు వేయండి. మధ్యస్థమైన బూడిదరంగు నింపండి.

మూతికి ఇంకో లేయరు. మోడ్‌ను తిరిగి “రిప్లేస్”కు మార్చి, ఎలిప్స్‌ను 150, 130 దగ్గర, 300 అడ్డం, 80 నిలువు వేసి దాదాపు తెలుపు నింపండి. సెలెక్ట్ మెనూలో “ష్రింక్” అనే దానితో 5 పిక్సెళ్ళు లోపలికి కుదించండి. చుట్టూ మిగిలిన సన్నని తెల్ల అంచే గ్లాసు మడత. లోపలి భాగంలో గ్రేడియెంట్ పనిముట్టుతో ఎడమ నుంచి కుడికి లాగాలి. ఎటు ముదురు, ఎటు లేత? ఇక్కడ మళ్ళీ గ్లాసు చూడండి. కిటికీ ఎడమ వైపు ఉంటే గ్లాసు బయట ఎడమ పక్క మెరుస్తుంది. లోపల మాత్రం వెలుతురు నేరుగా వెళ్ళి కుడి గోడకు తగులుతుంది. కాబట్టి లోపల ఎడమ ముదురు, కుడి లేత. ఈ ఒక్క తిరకాసు పట్టుకుంటే గ్లాసుకు లోతు దానంతటదే వస్తుంది.

ఇక మెరుపు. అసలు పాఠమంతా ఇక్కడే ఉంది. మట్టికుండ మీద వెలుగు నుంచి నీడకు మెల్లమెల్లగా మారుతుంది. స్టీలు అలా మారదు. స్టీలు అద్దం లాంటిది, కిటికీని, గోడను, మన చొక్కాను కూడా నిలువు చారలుగా సాగదీసి చూపిస్తుంది. తెల్ల చార పక్కనే ఉన్నట్టుండి నల్ల చార వస్తుంది. ఆ రెండూ పక్కపక్కన ఉండబట్టే మెరుస్తున్నట్టు అనిపిస్తుంది. బూడిదరంగును ఎంత నున్నగా రుద్దినా అది సిమెంటు గొట్టం అవుతుంది గాని స్టీలు కాదు.

ఒళ్ళు లేయరు పైన, మూతి లేయరు కింద ఇంకో లేయరు పెట్టి, ఫ్రీ సెలెక్ట్‌తో ఎడమ అంచుకు 60 పిక్సెళ్ళ దూరంలో ఒక తెల్ల చార వేయండి. పైన 30 వెడల్పు, కింద 22. గ్లాసు కిందికి పోయేకొద్దీ సన్నబడుతుంది కదా, చారలు కూడా అదే లెక్కన సన్నబడాలి. దానికి ఆనుకుని పైన 60, కింద 44 వెడల్పుతో నల్లటి చార. కుడి పక్కన ఇంకొక ముదురు చార వేయండి గాని అంచు దాకా తేవద్దు, 20 పిక్సెళ్ళు వదలండి. బల్ల మీద పడిన వెలుతురు తిరిగి వచ్చి ఆ అంచుకు తగులుతుంది, అందుకే అంచు మరీ నల్లగా ఉండదు. చారలన్నీ గ్లాసు అడుగు దాటేదాకా లాగండి. సెలెక్షన్ తీసేసి గాసియన్ బ్లర్ 4 ఇవ్వండి, అంతకు మించితే మెరుపు చచ్చిపోతుంది. తర్వాత ఒళ్ళు లేయరు మీద కుడి మీట నొక్కి “ఆల్ఫా టు సెలెక్షన్”, కంట్రోల్ ఐ, మళ్ళీ చారల లేయరుకు వచ్చి డిలీట్. బయటికి పోయినదంతా తెగిపోతుంది.

నీడకు అన్నిటికన్నా అడుగున ఒక లేయరు చాలు. గ్లాసు అడుగు నుంచి కుడివైపుకు నల్లని ఎలిప్స్ వేసి, బ్లర్ 15 ఇచ్చి, ఒపాసిటీ సగానికి తగ్గించండి. గ్లాసు బల్లను తాకే చోట ఇంకొంచెం ముదురు ఉండాలి.

చివరగా పేరు. గ్లాసులు కలిసిపోకుండా మనం చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించుకుంటాం కదా, అదీ వేయండి. అక్షరాలు తిన్నటి గీత మీద ఉండకూడదు, మూతి ముందరి అంచులాగే మధ్యలో కిందికి వంగాలి. పేరు పొడుగైతే అంచుల దగ్గర అక్షరాలు ఇరుకవుతాయి. మీ గ్లాసు తిప్పి చూసుకుంటూ వేయండి.

బొమ్మను ఎక్స్.సి.ఎఫ్. రకంలో దాచుకుంటే లేయర్లు అలాగే ఉంటాయి, వేరేవాళ్ళకు ఇవ్వడానికి పి.ఎన్.జి.గా ఎక్స్‌పోర్ట్ చేయండి. గ్లాసు కుదిరాక చెంబు పట్టండి. మెడ దగ్గర చారలు ఎలా వంగుతాయో కాగితం మీద పెన్సిలుతో గీసుకుని ఉంచండి, సంక్రాంతి సెలవుల తర్వాత ఆదివారం మేము వచ్చినప్పుడు కలిసి కూర్చుందాం.